చెయ్యి దించేదాకా

నవంబరు 18, సోమవారం

ఈ డైరీ శ్రీవల్లి ఇచ్చింది. నీ పాటలు ఇందులో రాసిపెట్టు తాతా అంది. పాటలు కాగితం మీద పెట్టేవి కావు, నోట్లో ఉండేవి. అవి రాయను. పుస్తకం ఖాళీగా పడుండటం ఎందుకని ఇది రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యూనియన్ ఆఫీసు రాత్రిబడిలో. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, రాయడం వచ్చింది తెలుగు. తప్పులుంటే ఉంటాయి. చదివేది నేనే.

శ్రీవల్లిని మొదట చూసిన రోజు నేను వెళ్ళింది గొడవకి. మా వెనకింటి ఫారూఖ్‌ది పరుపుల దుకాణం. పెళ్ళిళ్ళ బ్యాండులో డ్రమ్ము కూడా వాయిస్తాడు. కొన్నాళ్ళుగా వాడి దూది గోడౌన్‌లో ఒకటే మోత. మా ఆవిడ మెహబూబ్ బీకి తలనొప్పి. నాలుగు తిట్టి వద్దామని లుంగీ ఎగ్గట్టి వెళ్ళాను. దూది బస్తా మీద ఒక అమ్మాయి గిటార్ పట్టుకుని కూర్చుని ఉంది. గాజువాక పిల్ల. పాటలు తనే కట్టుకుని తనే పాడుతుందట. సినిమా పాట పాడమంటే లేచి వచ్చేస్తుందట. ఆ ముక్క నచ్చింది. డ్రమ్ము మాత్రం తప్పు.

"అది పెళ్ళి బరాత్ దరువురా. బరువు లాగే దరువు కాదు" అన్నాను.

"అలాగా? అయితే నువ్వు పాడు చాచా, ఇంటాం" అన్నాడు ఫారూఖ్. ఎటకారం.

పాడాను. కళాసీ గ్యాంగులో నేను కట్టిన పాట. క్రేను దూరని చోట మిషన్లని తాళ్ళతో, దుంగలతో జరిపేవాళ్ళం మేము. పోర్టులో, షిప్‌యార్డులో, ఉక్కు ఫ్యాక్టరీ కట్టేటప్పుడు అక్కడ. లాగేవాళ్ళు లాగుతారు, పాటగాడు పాడతాడు. నేను పాటగాణ్ణి. తాడు ముట్టుకునేవాణ్ణి కాదు.

కొండ ఎవులిది? మాది కాదు.
ఓడ ఎవులిది? మాది కాదు.
తాడు ఎవులిది? మాదే మాదే.
లాగితే రాదా? వత్తాది వత్తాది.

శ్రీవల్లి గిటార్ కింద పెట్టేసింది. "తాతా, ఇది ఎవుల పాట?"

"నాదే."

"మరి నాకెందుకు చెప్పలేదు ఎవులూ?"

ఎవరు చెబుతారు దీనికి. నిన్న పుట్టిన పిల్ల. అప్పటినుంచి మేము ముగ్గురం బ్యాండు.

నవంబరు 24, ఆదివారం

బీచ్ రోడ్డులో కాఫీ హోటల్. అక్కడ మా మొదటి ప్రోగ్రాం. కాఫీ తాగుతూ కంప్యూటర్ చూసుకునే జనం. శ్రీవల్లి రెండు పాటలు పాడింది. బాగున్నాయి. నీలం రంగు యూనిఫాంలో నాన్న షిఫ్టు నుంచి వచ్చే పాట ఒకటి ఉంది దాని దగ్గర. అది పాడుతుంటే ఒకడు కంప్యూటర్ మూసేశాడు.

తర్వాత నేను. వెళ్ళి నిలబడి, శ్రీవల్లి వైపు, ఫారూఖ్ వైపు తిరిగి, ఎడమ చెయ్యి పైకెత్తి మొదలుపెట్టాను. వెనకాల నవ్వులు. ఎవరి మీదో అనుకున్నాను. పాట అయ్యాక తెలిసింది నా మీదే అని. పాట అంతా జనానికి వీపు పెట్టి పాడానట.

పెట్టనా మరి? పాటగాడు ఎక్కడైనా సరుకుకి వీపు పెట్టి నిలబడతాడు, తాడు పట్టుకున్న మనుషులకి ముఖం పెడతాడు. ఆ మాటే బస్సులో చెప్పాను.

"పబ్లిక్ సరుకు కాదు తాతా" అంది శ్రీవల్లి నవ్వుతూ.

"నీకు తెలీదు. కదలకుండా కుసున్నదంతా సరుకే" అన్నాను.

ఫారూఖ్ మద్దిలపాలెం దాకా నవ్వుతూనే ఉన్నాడు. పరుపులు కుట్టేవాడు.

నవంబరు 25

హోటల్ వాళ్ళ మైకు మంచిది కాదు.

డిసెంబరు 2, సోమవారం

గోడౌన్‌లో ఫారూఖ్‌తో పడ్డాను.

నా పాటలో నేను అడుగుతాను, ఆగుతాను. ఆ ఆగిన చోట మనుషులు జవాబు చెప్పి లాగాలి. పాటలో బలం అక్కడే ఉంది. నా గొంతులో లేదు. ఫారూఖ్ ఏం చేస్తాడంటే, నేను ఆగగానే అక్కడ డ్రమ్ముతో దడదడలాడిస్తాడు.

"కాళీ ఉంటే నింపాలి కదా చాచా. నేకపోతే నువ్వు పాట మర్సిపోనావు అనుకుంటారు" అంటాడు.

"అది కాళీ కాదురా. అది మనుషుల జాగా" అన్నాను.

"మనుషులేరీ?"

శ్రీవల్లి చెబుతుంది జవాబు, పాపం. సన్నగా, రాగం తీసి చెబుతుంది. ఆ గొంతుతో సూది కూడా కదలదు.

ఉక్కు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో ఒక పెద్ద గుండ్రటి మిషను, ఇల్లంత ఉంటుంది, షెడ్డులోకి దూర్చాలి. క్రేనుకి పైన చోటు లేదు. వాన. ఎర్రమట్టి జారుతోంది. రెండు తాళ్ళు, తాడుకి వరసగా మనుషులు. జనరేటరు మోతలో పక్కవాడి మాట వినపడదు. అందుకే పాటగాడి చెయ్యి చూస్తారు. చెయ్యి లేచి ఉన్నంతసేపు తాడు బిగించే ఉండాలి. చెయ్యి దించేదాకా ఒక్కడు కూడా వదలకూడదు. వదిలితే బరువు వెనక్కి వస్తుంది, దుంగలు సర్దేవాడి కాలు పోతుంది. నా చెయ్యి కింద ఎవరి కాలూ పోలేదు. అది రాసుకోవచ్చు.

ముందు తాడుకి మొదటి మనిషి సన్యాసిరాజు. భీమిలి వాడు. జవాబు వాడు అందుకుంటేనే మిగతావాళ్ళు అందుకునేది. వాడిది గొంతు కాదు, ఓడ కూత. ఆ రోజు మిషను లోపలికి పోయాక అందరం ఆ షెడ్డులోనే కూర్చుని చద్దన్నం, ఉల్లిపాయ తిన్నాం. ఒళ్ళంతా ఎర్రమట్టి. సన్యాసిరాజు నా ముఖం చూసి, "బావా, నీకు సున్నం కొట్టినా ఇంత అందం రాదు" అన్నాడు. వాన వెలిసే దాకా నవ్వుకున్నాం. అంత రుచైన ఉల్లిపాయ మళ్ళీ తినలేదు.

డిసెంబరు 3

సన్యాసిరాజు సంగతి ఎందుకు రాశానో. వాడు వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుని భీమిలి పోయాడు. నేను ఉండిపోయాను. తర్వాత ఫోన్ చేస్తే ఎత్తి, ఒక్క మాట మాట్లాడకుండా పెట్టేసేవాడు. ఒకసారి కాదు. నేనూ చెయ్యడం మానేశాను. పొగరు వాడొక్కడి సొత్తు కాదు.

డిసెంబరు 15, ఆదివారం

ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళ ఫంక్షన్. శ్రీవల్లి బతిమాలితే జనం వైపు తిరిగి పాడాను. ఇంట్లో బీరువా అద్దం ముందు సాధన కూడా చేశాను. మెహబూబ్ బీ చూసి, "అజీ, పెళ్ళిచూపులా?" అంది.

కొండ ఎవులిది అన్నాను. ఆగాను. ఎదురుగా కుర్చీలు. కుర్చీల్లో మనుషులు. ఒక్కడి చేతిలో తాడు లేదు. జవాబు కోసం చూశాను. వెనక శ్రీవల్లి చెబుతూనే ఉందట, నాకు వినపడలేదు. అలాగే నిలబడిపోయాను. తర్వాతి మాట నోటికి రాలేదు. ఎప్పుడూ అలా జరగలేదు నాకు. ముందు వరసలో ఒకావిడ చప్పట్లు కొట్టింది. మిగతావాళ్ళూ కొట్టారు. ముసలాయన కదా, పాపం అని.

ఆ చప్పట్ల కంటే కాఫీ హోటల్ నవ్వులు నయం.

లైట్లు కళ్ళలో పడ్డాయి. అదీ సంగతి.

డిసెంబరు 16

మైకు కూడా.

జనవరి 6, సోమవారం

దేవీప్రసాద్ అని ఒకాయన గోడౌన్‌కి వచ్చాడు. బీచ్‌లో పెద్ద స్టేజీ కట్టి, సొంత పాటలు కట్టుకున్నవాళ్ళ చేత మాత్రమే పాడిస్తాడట. ఫిబ్రవరిలో. శ్రీవల్లి ఆ స్టేజీ కోసం మూడేళ్ళుగా తిరుగుతోంది. ప్రతిసారీ ఒంటరి గిటార్ అమ్మాయిలు చాలామంది ఉన్నారమ్మా అని పంపేశాడు. ఇప్పుడు బ్యాండు ఉందని వచ్చాడు.

దూది మీద కూర్చుని అన్నీ విన్నాడు. ప్యాంటుకంతా దూది.

"పాట అదిరింది అంకుల్. కానీ మీ వీపు చూడ్డానికి అంతమంది ఎందుకొస్తారు చెప్పండి?" అన్నాడు.

"నాను వీపు మీదే బతికినోణ్ణి బాబూ" అన్నాను.

నవ్వాడు గానీ మాట మార్చలేదు. శ్రీవల్లిని వాకిట్లోకి తీసుకెళ్ళాడు. గోడౌన్ తలుపు రేకుది. అన్నీ వినపడతాయి. తాతగారు జనం వైపు తిరిగి, మధ్యలో ఆగిపోకుండా పాడితే ముగ్గురూ రండి. లేదంటే మీ ఇద్దరే రండి. ఇదీ ఆయన మాట.

"ఒస్తే ముగ్గురం ఒస్తాం సార్. నేకపోతే మానెత్తాం" అంది శ్రీవల్లి.

పిచ్చిపిల్ల. లోపలికి వచ్చి ఏమీ జరగనట్టు తీగలు సరిచేసుకుంటోంది. సరిగ్గా ఉన్న తీగనే మళ్ళీ మళ్ళీ బిగిస్తోంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

నేను తిరిగి పాడలేకపోతే దాని స్టేజీ పోతుంది. నేను తప్పుకుంటే నా పాట పోతుంది. ఆ పాట మగాళ్ళ జవాబుతో ఒక్కసారి వినాలని ఉంది నాకు. ఒక్కసారి. ఆ తర్వాత ఏమైపోయినా పర్వాలేదు.

జనవరి 7

మెహబూబ్ బీ అన్నం పెడుతూ అంది. "జవాబు చెప్పేవాడు కావాలంటే భీమిలి వెళ్ళు. బస్సు ఉంది కదా."

దీనికి ఎలా తెలుసు? నిద్రలో వాడి పేరు అంటున్నానట.

జనవరి 8

వెళ్ళను.

జనవరి 10, శుక్రవారం

వెళ్ళాను.

జుమ్మా నమాజు అయ్యాక అటునుంచి అటే బస్సెక్కాను. ఇంట్లో చెప్పలేదు. రుషికొండ దాటినా గుర్తుపట్టలేకపోయాను. ఒకప్పుడు సరుగుడు తోపులు. శీతాకాలం సన్యాసిరాజు ఇంటికి వస్తే తోపుల్లో గాలి ఈల వేసేది. ఇప్పుడు అన్నీ అద్దాల మేడలు. భీమిలి మాత్రం భీమిలి లాగే ఉంది. గంటస్తంభం, ఎండు చేపల వాసన, సందులో అడ్డంగా పడుకున్న కుక్క. ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. కాళ్ళకి తెలుసు.

సన్యాసిరాజు భార్య గౌరీశ్వరి వాకిట్లో చేపలు ఆరబోస్తోంది. నన్ను చూసి తట్ట వదిలేసింది.

"ఓలమ్మ! బాసా అన్నయ్యా! దారి తప్పినావేటి?"

"ఆడేడి?"

"పెరట్లో ఉన్నాడు. ఇక్కణ్ణించి పిలిత్తే లాబం నేదు. సెవులు రెండూ పోనాయి అన్నయ్యా. పోర్టు మాన్నాక ఏడాది తిరక్కుండానే పోనాయి. ఫోను మోగితే నాను సూపిత్తాను, ఎత్తుతాడు, ఏటీ ఇనపడదు, పెట్టెత్తాడు. సిగ్గు. సెవిటోడినని ఎవులికీ సెప్పొద్దంటాడు."

అక్కడే నిలబడ్డాను. గౌరీశ్వరి ఇంకా ఏదో చెబుతోంది. నాకేం వినపడలేదు. ఇన్నేళ్ళూ వాడు నా మాట వినకూడదనే ఫోన్ పెట్టేస్తున్నాడని అనుకున్నాను.

పెరట్లో వాడు గోడకి ఆనుకుని కూర్చుని వల బాగుచేస్తున్నాడు. మనిషి సగం అయ్యాడు. మోకాలికి గుడ్డ చుట్టి ఉంది. తలెత్తి చూశాడు.

"ఏరా బావా, ఇంకా సావనేదా?"

"నాను పోతే నిన్ను తిట్టీవోడు ఎవుడున్నాడు?" అన్నాను.

"ఏటన్నావో తెలీదు గానీ, తిట్టే అయ్యుంటాది" అన్నాడు. నవ్వితే పళ్ళు లేవు.

అరిచి చెప్పినా వాడి చెవికి చేరదు. గౌరీశ్వరి టీ ఇచ్చింది. తాగాను. వల చూశాను. తిరిగి వెళ్ళిపోదామని లేచాను. లేచినవాణ్ణి ఎందుకో తెలీదు, వాడి ఎదురుగా నిలబడి ఎడమ చెయ్యి ఎత్తాను. నోటితో కొండ ఎవులిది అన్నాను. వాడికి వినపడదు. చెయ్యి చూస్తున్నాడు.

"మాది కాదూ!"

పిట్టగోడ మీద కాకులు లేచిపోయాయి. ఒక్క వెంట్రుక అటూ ఇటూ కాలేదు. పడాల్సిన చోటే పడింది. ఓడ ఎవులిది అన్నాను. మాది కాదూ. చేతులు రెండూ వలని పట్టుకుని వెనక్కి లాగుతున్నాయి, వాడికి తెలియకుండానే. ఏనాడు మాత్రం విన్నాడు వాడు? ఆ మోతలో మమ్మల్ని ఎవడు విన్నాడు? మొదటినుంచీ చూసిందే.

గౌరీశ్వరి కొంగు నోట్లో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

బ్యాండు సంగతి గౌరీశ్వరి సైగలతో చెబితే, వస్తానన్నాడు. రాత్రికి ఉండిపొమ్మన్నారు. ఉండలేదు. బస్సులో కిటికీ పక్క సీటు. గాలికి కళ్ళలో నీళ్ళొచ్చాయి.

జనవరి 19, ఆదివారం

సన్యాసిరాజు గోడౌన్‌కి వచ్చాడు. మోకాలు వంగదు. ఆటోలోంచి దిగడానికే చాలాసేపు పట్టింది. చెయ్యి ఇవ్వబోతే ఫారూఖ్‌ని కసిరాడు. శ్రీవల్లి గిటార్‌ని చూసి, "ఈ గుంట మోసీది ఏటది? సొరకాయా?" అన్నాడు. ఆ పిల్ల నవ్వి నవ్వి గిటార్ మీద పడింది.

వాడు జవాబు చెప్పడం మొదలుపెట్టగానే ఫారూఖ్ డ్రమ్ము ఆపేశాడు. ఎవరూ ఆపమనలేదు. పాట అయ్యాక, "చాచా, ఇదా మనుషుల జాగా అంటే?" అన్నాడు. అవునన్నాను. ఆ తర్వాత ఆ చోట్లో వాడు చెయ్యి పెట్టలేదు.

సన్యాసిరాజుని స్టేజీకి ఎడమ చివర నిలబెడతాం. నేను కొంచెం పక్కకి తిరుగుతాను. సగం ముఖం, సగం వీపు. దేవీప్రసాద్‌కి ఫోన్‌లో చెప్పింది శ్రీవల్లి. చూద్దాం అన్నాడట. అంటే ఒప్పుకున్నట్టే.

ఫిబ్రవరి 7

దేవీప్రసాద్ ఒప్పుకోలేదేమో. మళ్ళీ ఫోన్ ఎత్తడం లేదట. ప్రోగ్రాం రేపే.

ఫిబ్రవరి 9, ఆదివారం

నిన్నటిది ఈరోజు రాస్తున్నాను. గొంతు లేదు, కాబట్టి రాయడానికి తీరిక ఉంది.

స్టేజీ ఇసక మీద కట్టారు. ఎక్కడానికి ఇనప మెట్లు, నిచ్చెనలా నిటారుగా. సన్యాసిరాజు మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. రెండోది లేవలేదు. స్టేజీ కుర్రాళ్ళు ఇద్దరు వచ్చి చంకల కింద చేతులు వేశారు. విదిలించి కొట్టాడు.

"ఒదలండ్రా! నన్నెత్తుతారేటి? జనమంతా సూత్తుంటే బస్తానెత్తినట్టు? సరుకు నాను లాగినాను గానీ, నాను సరుకు కాదు!"

శ్రీవల్లి చేతులతో సైగలు చేసి బతిమాలింది. లాభం లేదు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కుని, జనంలోకి పోయి, నడిమధ్యన ఇసకలో వేసుకుని కూర్చున్నాడు. "ఇక్కణ్ణించి పాడితే నోరు పడిపోద్దా?" అని అక్కడినుంచి అరిచాడు. వాడి పక్కన ముంతకింద పప్పు అమ్మేవాడు బండి కొంచెం జరిపాడు.

అయిపోయింది అనుకున్నాను. దేవీప్రసాద్ స్టేజీ పక్కన నిలబడి నన్నే చూస్తున్నాడు. శ్రీవల్లి వాళ్ళ నాన్న పాట పాడింది, ఇంకొకటి పాడింది. నేను వెనక నిలబడి ఆలోచించింది ఒకటే. దిగిపోదామని. నేను దిగిపోతే ఈ పిల్లకి స్టేజీ మిగులుతుంది. మెట్ల వైపు తిరిగాను కూడా.

ఫారూఖ్ డ్రమ్ము కర్ర నా కడుపుకి అడ్డంగా పెట్టాడు. "యాడికి చాచా? నీ మనిషి అక్కడ కుర్చీలో కుసుని నీ సెయ్యి కోసం సూత్తన్నాడు" అన్నాడు.

అప్పుడు చూశాను. వాడు తలెత్తి నన్నే చూస్తున్నాడు. షెడ్డులో చూసినట్టే. వాడి వైపు తిరిగితే చాలు, జనం వైపు తిరిగినట్టే. ఇంత చిన్న సంగతి నా బుర్రకి ఎక్కలేదు, శ్రీవల్లి బుర్రకీ ఎక్కలేదు, ఆ దేవీప్రసాద్ బుర్రకీ ఎక్కలేదు. వాడి మోకాలికి తెలిసింది.

ముందుకి వచ్చి నిలబడ్డాను. లైట్లు కళ్ళలోకి కొట్టాయి. కొట్టనీ. ఎడమ చెయ్యి ఎత్తాను.

కొండ ఎవులిది?

"మాది కాదూ!"

మైకు లేదు వాడికి. ఆ గొంతుకి మైకు ఎందుకు. చుట్టుపక్కల వాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. ఓడ ఎవులిది అంటే పప్పు బండివాడు కూడా అందుకున్నాడు. వాడి నుంచి పక్కవాళ్ళు. హార్బర్ వైపు నుంచి వచ్చిన వలల మనుషులు కొందరు వెనకాల నిలబడి ఉన్నారు, వాళ్ళకి చెప్పక్కర్లేదు, వాళ్ళ రక్తంలో ఉంది. తాడు ఎవులిది అనేసరికి ఆ ఇసకలో కూర్చున్న వాళ్ళంతా మాదే మాదే అన్నారు. కంప్యూటర్ పిల్లలు కూడా. సముద్రం మోత ఉంది, అది వినపడలేదు.

ఆ షెడ్డు గుర్తొచ్చింది. సన్యాసిరాజు తప్ప ఆ తాడు మీద వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. వాళ్ళ చోట్లో వీళ్ళెవరో చెబుతున్నారు. చెప్పనీ. జాగా ఖాళీగా లేదు. అది చాలు.

పాట అయిపోయింది. మాటలన్నీ అయిపోయాయి. శ్రీవల్లి గిటార్ ఆపడానికి నా వైపు చూసింది. నేను చెయ్యి దించలేదు. దించేదాకా సన్యాసిరాజు వదలడు, నాకు తెలుసు. వాడు వదలకపోతే మిగతావాళ్ళూ వదలరు. వత్తాది వత్తాది అని అలా పాడుతూనే ఉన్నారు. ఫారూఖ్ వాయిస్తూనే ఉన్నాడు. భుజం పీకేస్తోంది. అయినా చెయ్యి పైనే ఉంచాను. దించితే అందరూ లేచి ఇళ్ళకి పోతారు.

వాడికి అర్థమైంది. నా సంగతి వాడికి కాకపోతే ఎవరికి అర్థమవుతుంది. కుర్చీలోంచే అరిచాడు.

"సెయ్యి దించరా బావా! సరుకు ఎప్పుడో లోనికెల్లిపోనాది!"

జనం ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకొక్కసారి, తాడు ఎవులిది అని అడిగాను.

చెప్పారు.

అప్పుడు దించాను.